గురువుగారి గురువు గొంతు

రేవతుడు మూడు రోజులుగా ఒక గొంతు కోసం కుస్తీ పడుతున్నాడు.

ఆ గొంతు తన గురువు ధమ్మసిరి భంతేకి గురువైన ఉత్తర స్థవిరుడనే పెద్ద భిక్షువుది. ఆయన పోయి నలభై ఏళ్లు. ఆయన ప్రవచనాల టేపులు శ్రీకాకుళం వైపు ఒక విహారంలో దొరికితే, అక్కడివాళ్లు వాటిని తమ మీడియా సర్వర్‌లోకి ఎక్కించారు. గురువుకి వినిపించాలని రేవతుడు కృష్ణా నది ఒడ్డునున్న తమ చిన్న విహారానికి ఒక వెబ్ పేజీ తయారుచేశాడు. ధమ్మసిరి భంతేకి ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడి చెవి కూడా ఈ వానాకాలం దాటదని డాక్టరు చెప్పేశాడు.

పేజీలో బటన్ నొక్కితే గొంతు రాదు. ఎర్ర అక్షరాలు వస్తాయి. ఈ పేజీకి ఆ సర్వర్ అనుమతి లేదని.

రేవతుడు భిక్షువుగా చీవరం కట్టకముందు ఎనిమిదేళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేసినవాడు. ఆ పొగరు కాస్త చీవరం కింద కూడా మిగిలే ఉంది. అనుమతి చీటీ తానే రాసి తమ సర్వర్‌లోనే పెట్టాడు. ఎర్ర అక్షరాలు కదల్లేదు. మార్చి రాశాడు. కదల్లేదు. తల ప్రాణం తోకకొచ్చింది.

"భంతే, చీటీ సరిగ్గానే రాశాను. ఈ బ్రౌజరే మొండిది," అన్నాడు గురువు కుడి చెవి దగ్గర వంగి. "దాని కాపలా తీసేసే ఉపాయం ఉంది. చిటికెలో పని. తీసేయమంటారా?"

గురువు భిక్షాపాత్ర అందుకున్నాడు. "పొద్దెక్కుతోంది. పద నాయనా."

ఆ రోజు ఊళ్లో భిక్షువులకి వండిపెట్టే వంతు సీతారావమ్మది. వెళ్లేసరికి అరుగు మీద అన్నం గిన్నె, పప్పు, గరిటె అన్నీ సిద్ధంగా ఉన్నాయి. మనిషి లేదు. గేదె కట్టు తెంపుకుంటే దాని వెనక చేలవైపు పరిగెత్తిందని పక్కింటివాళ్లు చెప్పారు. గురువు పాత్ర పట్టుకుని అరుగు ముందు నిలబడ్డాడు.

గంట గడిచింది. మధ్యాహ్నం దాటితే భిక్షువులు మర్నాటిదాకా తినరు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి కాళ్లు వణకడం రేవతుడు చూశాడు. ఉండబట్టలేక గరిటె తీసుకున్నాడు.

"మన కోసం వండిందే కదా భంతే. నేను వడ్డిస్తాను."

గురువు పాత్రను అరచేత్తో మూశాడు. "ఇచ్చేవాళ్లు చేత్తో ఇస్తేనే భిక్ష. అది ఆమె చెయ్యి కాదుగా."

పొద్దు నడినెత్తి దాటింది. ఖాళీ పాత్రలతో ఇద్దరూ వెనక్కి నడిచారు. దారిలో గురువు మూడుచోట్ల కూర్చోవలసి వచ్చింది. రేవతుడికి ఏడుపొచ్చింది.

విహారానికి రాగానే మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఈసారి ఎర్ర అక్షరాలను తిట్టుకోకుండా, వాటి వెనక ఏం జరిగిందో మొదటినుంచీ చదివాడు. చదివి నిర్ఘాంతపోయాడు. గొంతు వస్తూనే ఉంది. నొక్కిన ప్రతిసారీ శ్రీకాకుళం నుంచి బయల్దేరి ఈ కంప్యూటర్‌దాకా వచ్చింది. పంపినవాళ్లు 'ఈ పేజీకి ఇవ్వండి' అన్న ఒక్క మాట జతచేయలేదు, అంతే. అందుకని బ్రౌజరు దాన్ని చేతిలో పట్టుకుని కూడా పేజీకి అందించలేదు. మూడు రోజులు, తను అంతగా తిడుతున్నా, ఎవరూ చూడని చోట.

ఇలాంటి బ్రౌజర్లు ఎన్ని కోట్ల కంప్యూటర్లలో ఈ క్షణాన కాపలా నిలబడి ఉన్నాయో తలుచుకుంటే ఒళ్లు గగుర్పొడిచింది. రేవతుడు ఆ ఎర్ర అక్షరాలకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

తర్వాత శ్రీకాకుళానికి ఫోన్ చేశాడు. ఆ సర్వర్ చూసుకునే సత్యవతి గారు పేజీ పేరు అడిగి రాసుకున్నారు.

"అయ్యో, ఇంతేనా! ముందే అడిగితే మొన్ననే చేసిపెట్టేవాళ్లం కదండీ."

పది నిమిషాల తర్వాత బటన్ నొక్కాడు. ముందు ఒక దగ్గు వినిపించింది. ఆ వెనక ముసలి గొంతు ఎవరినో కసురుకుంది. "ఆ కిటికీ మూయండర్రా, గాలికి దీపం ఆరిపోతోంది."

ధమ్మసిరి భంతే కుడి చెవి స్పీకరుకి ఆనించి కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి మెల్లగా లేచి, స్పీకరుని తన ఆసనం మీద పెట్టి, తాను కింద వట్టి నేల మీద కూర్చున్నాడు.

రేవతుడు తన చాప తీసేసి ఇంకో బారెడు వెనక్కి జరిగి కూర్చున్నాడు.