శాంతి వచ్చాక తాగే కాఫీ

ముంజిర్ ఆ సాయంత్రం మండిపడుతూ వచ్చాడు గురువు దగ్గరికి.

లెబనాన్‌లో సముద్రం ఒడ్డున సైదా పట్నం, దాన్ని ఆనుకుని పాలస్తీనా శరణార్థుల శిబిరం. ముంజిర్ అక్కడే పుట్టాడు, అక్కడే తాపీపని నేర్చాడు, అక్కడే తండ్రయ్యాడు. లెబనాన్ అతనికి ఉండడానికి చోటిచ్చింది గాని పౌరసత్వం ఇవ్వలేదు. తాతలు వదిలొచ్చిన పాలస్తీనా ఊరిని అతను కంటితో చూడనూలేదు. షేక్ నుమాన్ ఆ శిబిరంలోనే ఉండే సూఫీ గురువు. ముంజిర్ ఆయనకి ఇష్టమైన శిష్యుడు, మొండి శిష్యుడు కూడా.

"మా అమ్మాయి లుబ్నాని అడుగుతున్నారు షేక్ గారూ. జోర్డాన్‌లో అమ్మాన్ కుర్రాడు, రాయిద్. మనవాళ్ళే, పాలస్తీనా వాళ్ళే. కానీ వాళ్ళ తాత జోర్డాన్ పౌరసత్వం పుచ్చుకున్నాడు. అంటే మన ఊళ్ళ మీద ఆశ వదిలేసుకున్నట్టేగా? అక్కడి గొడవలు సద్దుమణిగి శాంతి రానివ్వండి. మా ఊరు వెళ్ళాక మా వాకిట్లోనే చేస్తాను దాని పెళ్ళి."

"అమ్మాయి ఏమంటోంది?"

"దానికి వాడంటే ఇష్టమే." ముంజిర్ తల దించుకున్నాడు. "అదే గదా నా బాధ."

షేక్ గారు గడ్డం నిమురుకున్నారు.

శుక్రవారం మధ్యాహ్నం పెళ్ళివారు రానే వచ్చారు. వాళ్ళ తరఫున పెద్దమనిషిగా ముందు నడిచి వస్తున్నది ఎవరయ్యా అంటే సాక్షాత్తూ షేక్ నుమానే!

అక్కడొక ఆచారం ఉంది. పిల్లనడగడానికి వచ్చిన పెద్ద, ఇచ్చిన కాఫీ తాగకుండా కింద పెడతాడు. ఇంటాయన సరే అన్నాకే తాగుతాడు. తాగకుండా లేచి వెళ్ళాడా, ఆ ఇంటికి తలవంపులే. అది మన కాఫీ కాదు లెండి. పాలుండవు, చక్కెరుండదు, ఒట్టి కషాయం. షేక్ గారికి మాత్రం అదంటే ప్రాణం. కాఫీ కనిపిస్తే ఆగిన మనిషి కాదాయన.

ఆ రోజు ఆగారు. కప్పు అందుకుని, ఒకసారి వాసన చూసి, బరువుగా నిట్టూర్చి కింద పెట్టారు.

"నాయనా, లుబ్నాని మా రాయిద్‌కి అడగడానికి వచ్చాం."

"నా మాట మీకు ముందే చెప్పాను గదా. శాంతి వచ్చాకే."

"న్యాయమే. అయితే నేనూ అప్పుడే తాగుతాను." షేక్ గారు కాళ్ళు బార్లా చాపి గోడకి చేరగిలబడ్డారు. "ఒక దిండు ఇప్పించు. ఆ రేడియో కూడా పెట్టు, శాంతి ఎంతవరకు వచ్చిందో విందాం."

ఎవరో కిసుక్కున నవ్వారు. ముంజిర్ నవ్వలేదు.

"కాఫీ చల్లారిపోతోంది షేక్ గారూ."

"పర్వాలేదు. అప్పటికి లుబ్నా మనవరాలు వెచ్చబెట్టి ఇస్తుందిలే." ఆయన నుదురు కొట్టుకున్నారు. "అయ్యో, పెళ్ళే కాకపోతే మనవరాలెక్కడిది!"

ఈసారి గది గదంతా నవ్వింది. తలుపు చాటునుంచి లుబ్నా నవ్వు కూడా వినిపించింది. ఆ నవ్వు వినగానే ముంజిర్ తలుపు వైపు తిరిగాడు.

"నవ్వకండి. దాని పిల్లలు జోర్డాన్ పౌరులవుతారు. ఇక మా ఊరు మాకు కావాలని అడిగేవాళ్ళు ఎవరు మిగులుతారు?"

నవ్వులు ఆగిపోయాయి. షేక్ గారు కాళ్ళు ముడుచుకుని సర్దుకు కూర్చున్నారు. పెళ్ళికొడుకు వైపు తిరిగారు.

"ఏ ఊరు బాబూ మీది?"

"బైత్ రుమ్మాన్," అన్నాడు రాయిద్ తడుముకోకుండా. అమ్మాన్ అనలేదు, తాత వదిలొచ్చిన పాలస్తీనా ఊరి పేరే చెప్పాడు. "ఊటబావి దాటి ఎడమవైపుకి తిరగాలి. వాకిట్లో అంజూర చెట్టున్న ఇల్లు."

"ఎప్పుడైనా చూశావా?"

"లేదండీ. మా నాన్నా చూడలేదు. తాత చెప్పాడు."

"మరి నీ జేబులో జోర్డాన్ పాస్‌పోర్టు?"

"ఉందండీ," అన్నాడు కుర్రాడు అమాయకంగా. "అది లేకపోతే ఇక్కడిదాకా రానిచ్చేవాళ్ళు కాదు గదా."

ముంజిర్ ఆ కుర్రాడి భుజం తట్టాడు. తర్వాత లేచాడు. చల్లారిన కాఫీ పారబోసి, కప్పు కడిగి, మళ్ళీ వేడిగా పోసి, రెండు చేతులా గురువుకి అందించాడు.

"తాగండి," అన్నాడు.

లోపల ఆడవాళ్ళు సంతోషం పట్టలేక కేకలేశారు. షేక్ గారు ఒక్క గుక్కలో తాగేసి, ఖాళీ కప్పు మళ్ళీ చాపారు.

"ఇంకోటి పొయ్యి నాయనా. శాంతి వచ్చేలోపు చేయాల్సిన పెళ్ళిళ్ళు ఇంకా చాలా ఉన్నాయి."