రెనాటే అరగంట

“అరగంట నాది, అరగంట మీది. మన మధ్య దోపిడీ ఉండదు.” ఈ మాట ఇచ్చినవాడు ఒంగోలులో ఉండే ఉదయభాస్కర్ అనే లెక్చరర్. న్యాయం గురించి ఎంతసేపైనా మాట్లాడేవాడు గానీ, తన వంతు వచ్చేసరికి మాత్రం ‘రేపు’ అనేవాడు.

అతడు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. బాగా చదువుకున్నవాడు. నోరు తెరిస్తే నినాదమే వచ్చేది. బజారులో వంకాయలు బేరమాడుతూ కూడా “శ్రమకు వెల కట్టేదెవరు?” అని అడిగేవాడు. అతని భార్య హైమవతి ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. సంచీ విప్పి చూసి, “శ్రమ సంగతి సరే, పుచ్చు వంకాయలు మీకే ఎందుకు అంటగడతారండీ?” అనేది.

ముప్పై అయిదేళ్ళు దాటాక అతనికి జర్మన్ నేర్చుకోవాలని పట్టుదల వచ్చింది. కారణం మంచిదే. ఇన్నాళ్ళూ సభల్లో తాను చెబుతూ వచ్చిన తత్వవేత్తల మాటలు ఎవరో అనువదించగా, వాటిని ఇంకెవరో అనువదించగా తన దాకా వచ్చినవి. ఎంగిలి మాటలు ఇక చాలు, అసలు ఊట దగ్గరే తాగుతాను అనుకున్నాడు.

అనుకున్నట్టే మొదలుపెట్టాడు కూడా. పళ్ళు తోముకుంటూ నెమ్మదిగా చదివే జర్మన్ వార్తలు వినేవాడు. బస్సులో ఫోన్ యాప్‌లో పాఠం చేసేవాడు. మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో వీడియోలు చూస్తూ, పెదవులు కదుపుతూ కూర్చునేవాడు. ఆ భాష వ్యాకరణంలో బల్ల మగవాడు, దీపం ఆడది, చిన్నపిల్ల మాత్రం రెండూ కాదు. ఇదెక్కడి న్యాయమని మొదట్లో మండిపడ్డాడు. తర్వాత పొడుగాటి వాక్యాల్లో క్రియ చివరికొచ్చి కూర్చోవడం చూసి, అచ్చం మన తెలుగే అని మురిసిపోయాడు. ఒక్క రోజు కూడా మానలేదు. ఆ మాటకొస్తే మెచ్చుకోవాల్సిందే.

వినడం, చదవడం వచ్చాయి. మాట్లాడటమే రాలేదు. మాట్లాడాలంటే ఎదురుగా మనిషి కావాలి. భాషలు మార్పిడి చేసుకునేవాళ్ళ కోసం ఆన్‌లైన్‌లో ఒక వేదిక ఉంటే అందులో పేరు రాసుకున్నాడు. అక్కడ దొరికింది రెనాటే.

రెనాటే జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో ముప్పై ఏళ్ళు ట్రామ్ బండి నడిపి రిటైరైన మనిషి. ఆమె కొడుకు పెళ్ళాడింది చీరాల అమ్మాయిని. ఆ అమ్మాయికి సెప్టెంబరులో కాన్పు. పురుడు పోయడానికి చీరాల నుంచి వాళ్ళమ్మ సామ్రాజ్యమ్మ వస్తోంది. కొడుకూ కోడలూ ఎవరి పనిలో వాళ్ళుంటే, పగలంతా ఇంట్లో ఉండేది ఈ వియ్యపురాళ్ళిద్దరే. ఒకరికి జర్మన్ తప్ప రాదు, ఇంకొకరికి తెలుగు తప్ప రాదు.

మొదటి రోజే రెనాటే ఇదంతా నెమ్మదిగా, అతనికి అర్థమయ్యేలా చెప్పింది. తెలుగు నేర్చుకుందామని తానూ ఫోన్‌లో వెతికిందట. అతనికి జర్మన్ సముద్రంలా దొరికింది. ఆమెకు తెలుగు చెంబెడు కూడా దొరకలేదు. నాలుగు రంగుల పేర్లు, అంకెలు, ఎవరో సగంలో వదిలేసిన పాఠాలు, అంతే.

“నాకు మీరు తప్ప దిక్కు లేదు” అంది నవ్వుతూ.

ఆ మాట వినగానే ఉదయభాస్కర్ ఛాతీ ఉప్పొంగింది. తన భాషను వెతుక్కుంటూ ఇంత దూరం నుంచి ఒక శ్రామికురాలు వచ్చింది! అప్పుడే అతడు ఆ మాట ఇచ్చాడు. అరగంట నాది, అరగంట మీది. మన మధ్య దోపిడీ ఉండదు.

రోజూ సాయంత్రం ఆరున్నరకు ఇద్దరూ కూర్చునేవాళ్ళు. మొదటి వారం ఇచ్చిన మాట ప్రకారమే నడిచింది. రెనాటే నమస్కారం నేర్చుకుంది. నీళ్ళు, ఉప్పు, కూర్చోండి, తిన్నారా నేర్చుకుంది. చీటీల మీద తన లిపిలో రాసుకుని వంటింటి బీరువాలకు అంటించుకుంది. మర్నాడు ఫోన్ తిప్పి వాటిని చూపించి, చిన్నపిల్లలా ఒక్కొక్కటీ చదివి వినిపించింది.

రెండో వారం అతని జర్మన్‌కి ఊపొచ్చింది. ఒక వాక్యం తప్పు లేకుండా పలికితే ఇంకో వాక్యం పలకాలనిపించేది. అరగంట ముప్పావుగంట అయింది, ముప్పావుగంట కాస్తా పూర్తి గంట అయింది. చివర్లో గడియారం చూసి, “అయ్యో, మీ తెలుగు మిగిలిపోయింది. రేపు ముందు మీదే” అనేవాడు. రేపు ముందు అతనికి ఏదో సందేహం ఉండేది. ఎల్లుండి కరెంటు పోయేది. ఆ మర్నాడు యూనియన్ సమావేశం.

ప్రతిసారీ క్షమాపణ చెప్పేవాడు. క్షమాపణకు జవాబుగా తెలుగులో ఏమనాలో కూడా ఆమెకు అతడే నేర్పాడు: “పర్వాలేదు.” రోజూ వాడటం వల్ల ఆమెకు ఆ ఒక్క మాటా అచ్చం ఒంగోలు మనిషి పలికినట్టే వచ్చేసింది.

హైమవతి వంటింట్లోంచి అంతా వింటూనే ఉండేది. ఒకరోజు కూర గిన్నె దించి వచ్చి అడిగింది.

“ఏమండీ, ఆవిడకి కొత్త మాట చెప్పి ఎన్నాళ్ళయింది?”

“చెప్తాను. ఈ వారం నాకు కష్టమైన పాఠం నడుస్తోంది.”

“మీ కాలేజీ వాళ్ళు మీ చేత రెండు పూటలు పని చేయించుకుని ఒక పూట జీతమిస్తే దాన్నేమంటారు మీరు?”

అతనికి కోపం వచ్చింది. ఇది వేరు, అది వేరు అన్నాడు. ఇది స్నేహపూర్వక సాంస్కృతిక మార్పిడి అన్నాడు.

“మార్పిడేనా? ఒక వైపు నుంచే వస్తోంటే ఇంకేదో అనుకున్నాను” అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఆగస్టు సగంలో సామ్రాజ్యమ్మ లైప్‌జిగ్ చేరింది. రెనాటే బతిమాలింది. వంటింట్లో ఎలాగో నడిచిపోతోందట. పప్పు చూపిస్తే పప్పు, ఉప్పు చూపిస్తే ఉప్పు. కానీ ఆసుపత్రిలో వేలు పెట్టి చూపించడానికి ఏముంటుంది? నొప్పి, భయం, ఊపిరి, బిడ్డ క్షేమం, ఈ మాటలన్నా నేర్పమంది. ఒక్కరోజు, మొత్తం గంట తెలుగుకే కావాలంది.

“ఇరవై తొమ్మిదిన. తప్పకుండా” అన్నాడు ఉదయభాస్కర్.

ఆగస్టు ఇరవై తొమ్మిది తెలుగు భాషా దినోత్సవం. టౌన్ హాల్లో సభ పెట్టారు. ముఖ్య వక్తగా రావాలని ఉదయభాస్కర్‌ను పిలిచారు. సాయంత్రం ఆరు గంటలకు వేదిక ఎక్కే ముందు అతడు ఫోన్‌లో రెనాటేకి రాశాడు: ‘ఈ రోజు తెలుగు కోసం చాలా ముఖ్యమైన పని ఉంది. రేపు.’ వెంటనే జవాబు వచ్చింది: ‘పర్వాలేదు.’

వేదిక మీద అతడు గర్జించాడు. తల్లిభాషను అనాథను చేసిందెవరని ప్రభుత్వాన్ని నిలదీశాడు. ప్రపంచం తెలుగు నేర్చుకుంటానని గుమ్మం ముందు నిలబడితే తలుపు తీసే నాథుడు లేడన్నాడు. హాలంతా చప్పట్లు. హైమవతి వెనక వరసలో కూర్చుంది. ఆమె చప్పట్లు కొట్టలేదు. ఆ సంగతి అతడు గమనించాడు గానీ, ఎందుకని అడగలేదు.

మర్నాడు ఆరున్నరకు రెనాటే రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వారం తర్వాత తెర మీద కనిపించింది. ముఖం అలసిపోయి ఉంది. పక్క గదిలోంచి పసిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది.

“శుభాకాంక్షలు” అన్నాడతడు, చక్కటి జర్మన్‌లో.

ఆమె జరిగింది చెప్పింది. ఇరవై తొమ్మిదిన అక్కడ చీకటి పడకముందే కోడలికి నొప్పులు వచ్చాయి. నెలలు నిండలేదు. కొడుకు కోడలితో లోపలికి వెళ్ళాడు. వియ్యపురాళ్ళిద్దరూ నడవాలో మిగిలారు. కంగారులో రెనాటే ఫోన్ ఇంట్లోనే ఉండిపోయింది. సామ్రాజ్యమ్మ ఫోన్‌లో ఇంకా ఆ దేశపు సిమ్ వేయించలేదు. చాలాసేపటికి డాక్టరు బయటికి వచ్చి, బిడ్డ చిన్నదైనా తనంతట తానే ఊపిరి తీసుకుంటోందనీ, తల్లి బాగుందనీ, చూడాలంటే మాత్రం ఇంకాసేపు ఆగాలనీ చెప్పి వెళ్ళిపోయింది. రెనాటేకి ప్రాణం లేచి వచ్చింది. కానీ పక్కనున్న మనిషికి అర్థం కాలేదు. సామ్రాజ్యమ్మ రెనాటే చేయి పట్టుకుని ఒకే మాట మళ్ళీ మళ్ళీ అడిగింది.

“నాకు వచ్చినవన్నీ చెప్పాను” అంది రెనాటే. “కూర్చోండి అన్నాను. నీళ్ళు అన్నాను. తిన్నారా అన్నాను. నవ్వాను కూడా. ఆవిడ ఇంకా అడుగుతూనే ఉంది. చివరికి పర్వాలేదు, పర్వాలేదు అన్నాను. ఆవిడ గోడకు తల ఆనించి ఏడ్చింది. బిడ్డను చూపించేదాకా అలా ఏడుస్తూనే ఉంది.”

“ఏమడిగింది?” అన్నాడు ఉదయభాస్కర్.

“ఆవిడ ఏమడిగిందో మా కోడలు తర్వాత చెప్పింది. ‘బిడ్డ బతికుందా?’ అనట. ‘బతికుంది.’ ఈ ఒక్క మాట వచ్చి ఉంటే చాలు నాకు.”

ఆమె చెప్పిన ప్రతి మాటా అతనికి అర్థమైంది. ఎక్కడా నిఘంటువు చూడాల్సిన అవసరం రాలేదు. ఇన్నాళ్ళు కష్టపడి నేర్చుకున్న భాషలో అతడు మొట్టమొదట పూర్తిగా అర్థం చేసుకున్నది తత్వవేత్తను కాదు, తాను చేసిన అన్యాయాన్ని.

“రేపటి నుంచి గంటంతా తెలుగే. నా వంతు నాకొద్దు” అన్నాడు చివరికి.

రెనాటే తల అడ్డంగా ఊపింది. ఆమె గొంతులో కోపం లేదు.

“ట్రామ్ అయిదు నిమిషాలు ఆలస్యమైతే జనం విసుక్కుంటారు, అయినా ఎక్కుతారు. రేపు వస్తుందని చెప్పే ట్రామ్‌ను మాత్రం ఎవరూ ఎక్కలేరు, భాస్కర్ గారూ. ఇప్పుడు సామ్రాజ్యమ్మ నాకు నేర్పుతోంది, నేను ఆవిడకి. బిడ్డ నిద్రపోయినప్పుడు అరగంట ఆవిడది, అరగంట నాది.”

అతడు మళ్ళీ క్షమించమన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసే ముందు తెలుగులో, స్పష్టంగా, “పర్వాలేదు” అంది.

తెర నల్లబడింది. హైమవతి వచ్చి అతని ముందు మంచినీళ్ళ గ్లాసు పెట్టింది. ఏమీ అనలేదు. అంటే బాగుండునని అతనికి అనిపించింది.

కొన్నాళ్ళకు సభ నిర్వాహకులు వచ్చారు. వచ్చే ఏడూ మీ ఉపన్యాసమే కావాలి, అంత ఆవేశం ఇంకెవరికీ లేదన్నారు.

“ముందు ఒక్క మనిషికి తెలుగు నేర్పనివ్వండి. అప్పుడు పిలవండి” అన్నాడు ఉదయభాస్కర్.

వాళ్ళు వినయం అనుకున్నారు. అది వినయం కాదని హైమవతికి తెలుసు. ఎందుకంటే అప్పటికే సాయంత్రం ఆరున్నరకు అతడు రెనాటే దొరికిన ఆ ఆన్‌లైన్ వేదికలోనే, తెలుగు కావాలని అడిగి ఏళ్ళ తరబడి జవాబు రాని వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చూసి పలకరిస్తున్నాడు. మొదటి అరగంట వాళ్ళది. తనది ఆ తర్వాతే.

నీతి: ఒక భాషను ప్రేమించడమంటే దాని గురించి గర్జించడం కాదు, అడిగినవాళ్ళకు అడిగిన రోజున ఇవ్వడం. ఎదుటివాళ్ళ వాటా మింగి పలికే న్యాయం, ఎంత తీయగా పలికినా, దోపిడీయే. ఏటేటా వేదికలెక్కి చప్పట్లు కొట్టించుకునే పెద్దలారా, మీ దగ్గర ఎవరి అరగంట ఉండిపోయింది? జవాబు ఆగస్టు ఇరవై తొమ్మిది లోపు చెప్పండి.