రాజుగారికి లేని మొహమాటం

వంటావార్పులకు పేరుపడ్డ ఒకానొక రాజ్యంలో ఉద్దండవర్మ అనే రాజుగారు ఉండేవారు. ఆయన మీసాలు పెద్దవి, మాట ఇంకా పెద్దది. "నా నోట వచ్చిన మాటకు ఒకటే అర్థం" అని రోజుకోసారైనా అనకపోతే ఆయనకు పొద్దుపోయేది కాదు.

విజయదశమినాడు సామంతులందరికీ కోటలో విందు జరిగింది. రాజుగారి ఆకులో వడ్డించే హక్కు వంటశాల పెద్ద తులశమ్మది. చిన్నప్పుడు ఆయనకు పాలబువ్వ తినిపించిన మనిషి ఆవిడ. లోకానికంతటికీ మహారాజైనవాడు ఆవిడకు మాత్రం ఇంకా "నాయనే".

ఆవేళ గుత్తివంకాయ కూర కుదిరిందంటే కుదిరింది. తులశమ్మ పొయ్యి మీదినుంచి దింపిన గిన్నె దింపినట్టే పట్టుకొచ్చింది. రాజుగారు ఆకుకు చెయ్యి అడ్డం పెట్టి "చాలు" అన్నారు.

"చాలేమిటి నాయనా, ఒక్క కాయేగా వేసింది" అంటూ తులశమ్మ ఆయన వేళ్ళ పక్కనుంచి ఇంకో కాయ జారవిడిచింది. కాయ ఆకులోనే పడింది గాని, దాని వెంట కాగిన నూనె రాజుగారి వేళ్ళ మీద పడింది. ఆయన "అబ్బా!" అని అరిచారు. సామంతులు తలలు వంచుకుని నవ్వుకున్నారు. కాలిన వేళ్ళకంటే ఆ నవ్వులు రాజుగారిని ఎక్కువ మండించాయి.

"నా మాట నా ఆకు దగ్గరే చెల్లకపోతే రాజ్యంలో ఇంకెక్కడ చెల్లుతుంది?" అని ఆయన అప్పటికప్పుడు శాసనం చేశారు. ఇకమీదట తినేవాళ్ళు చాలన్నాక ఆకులో మెతుకు వేసినా సరే, వేసినవాళ్ళను రాజ్యం పొలిమేర దాటించాలి. దాటించవలసిన మొదటి మనిషి తులశమ్మ.

తులశమ్మ ఏడవలేదు, కాళ్ళ మీద పడలేదు. "అన్నం పెట్టినందుకు పొమ్మంటే పోతాను నాయనా. ఈ వయసులో నాకు ఇంకో కొంప లేదు, అది నా ఖర్మ. రేపటినుంచి నీకెవరు పెడతారో, అదే నా బెంగ" అంది.

రాజుగారు ఆవిడ ముఖంలోకి చూడలేక చూపు తిప్పుకున్నారు. కాని మాట అనేశారు. అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు ఆయనకు లేదు.

అప్పుడు ఆస్థాన విదూషకుడు పేరిభట్టు లేచాడు. బక్కపలచని మనిషి, కాని నాలుక మహా పదును. "ప్రభూ, వచ్చే నెలలో తమ మనవడికి అన్నప్రాశన. తులశమ్మ చేతి పనసపొట్టు కూర కావాలని అమ్మాయిగారు వాళ్ళ అత్తవారింటినుంచి కబురంపారు. ఆ ముచ్చట తీరాక పంపిస్తే శాసనానికి వచ్చిన లోటేమీ లేదు" అన్నాడు.

"సరే, అప్పటిదాకా ఉండనీ. వడ్డనకు మాత్రం రాకూడదు" అన్నారు రాజుగారు గంభీరంగా. లోపల మాత్రం హమ్మయ్య అనుకున్నారు.

ఇక చూడండి, రాజ్యంలో మొదలైంది అయోమయం. పెళ్ళిళ్ళలో జనం అలవాటు చొప్పున మొదటి గరిటెకే "చాలు చాలు" అనేవారు. వడ్డించేవాడు పొలిమేర గుర్తొచ్చి ఎగిరి వెనక్కి దూకేవాడు. వచ్చినవాళ్ళు ఖాళీ కడుపులతో లేచిపోయేవారు. వండినదంతా గంగాళాల్లో అలాగే ఉండిపోయేది. ఈ గొడవంతా చూసి ఓ పెద్దమనిషి అసలు చాలనడమే మానేసి నోరు మూసుకుని కూర్చున్నాడు. వడ్డించేవాడికి ఎక్కడ ఆపాలో తెలియలేదు. పులిహోర ఆకు నిండి, పంచె మీదికి పొర్లి, పక్కవాడి ఆకులోకి వెళ్ళింది. ఇద్దరికీ కొట్లాట.

చివరికి ఒక కొత్త పెళ్ళివారి తగవు రాజసభకే వచ్చింది.

"పస్తులతో ఇంటికి పంపించారు మహారాజా! మా మర్యాద మట్టిలో కలిసింది" అన్నాడు పెళ్ళికొడుకు తాతగారు.

"చాలన్నారు ప్రభూ, ఆపేశాం. ఆపకపోతే మాకు దేశంలో చోటు ఉండదాయె" అన్నాడు పెళ్ళికూతురి తండ్రి.

రాజుగారికి తల తిరిగింది. ఆయన ముసలాయన వైపు తిరిగి, "మీకు ఆకలిగా ఉందా లేదా?" అని అడిగారు.

"దహించుకుపోయింది మహారాజా."

"మరి చాలని ఎందుకన్నారు?"

"అనకపోతే ఎలా? మొదటిసారే వెయ్యండి వెయ్యండి అంటే ఏం బాగుంటుంది?"

"అంటే చాలంటే వెయ్యమనా?"

"అబ్బే, ఎంతమాట! చాలంటే చాలనే మహారాజా. కాని వాళ్ళు వెయ్యాలి."

రాజుగారు మంత్రివైపు చూశారు. మంత్రి పైకప్పు వైపు చూశాడు. ఉన్న మతి కూడా పోయేలా ఉందని రాజుగారు పేరిభట్టును పిలిచారు. "ఏమయ్యా, వీళ్ళ బాధేమిటి? నాకు ముక్క అర్థం కావడంలేదు."

"దాన్ని మొహమాటం అంటారు ప్రభూ. చెబితే అర్థమయ్యేది కాదు, పడితే తెలుస్తుంది."

"నాకు అలాంటి జబ్బు లేదు!" అని రాజుగారు సింహాసనం చేతిమీద చరిచారు. "సభంతా వినండి. కడుపులో ఆకలి పెట్టుకుని నేను చాలన్న రోజున ఈ శాసనం నా చేత్తో నేనే చింపేస్తాను."

పేరిభట్టు ఒక నమస్కారం పెట్టి కూర్చున్నాడు.

అన్నప్రాశన దగ్గరపడింది. సారె బండ్లతోపాటు తులశమ్మను వెంటబెట్టుకుని పేరిభట్టు ముందురోజే వియ్యంకుడు బలభద్రదేవుడి కోటకు వెళ్ళాడు. అక్కడ రాజుగారి తరఫున కుశలప్రశ్నలు అయ్యాక గొంతు తగ్గించి, "మహారాజా, ఒక్క మనవి. మా ప్రభువుల వారికి చాలన్నాక మళ్ళీ వడ్డిస్తే మహా కోపం. దానికోసం శాసనమే చేశారు. ఆకు మీది మాట జవదాటితే అవమానం కింద లెక్క" అని చెప్పాడు. బలభద్రదేవుడు మర్యాదస్తుడు. "అంతకంటేనా! మా ఇంట్లోనూ బావగారి శాసనమే నడుస్తుంది" అని వడ్డించేవాళ్ళందరినీ పిలిచి గట్టిగా హెచ్చరించాడు.

మర్నాడు రాజుగారు తెల్లవారకముందే బయల్దేరారు. వియ్యాలవారి విందుకు కడుపులో చోటుండాలని పొద్దున ఫలహారం కూడా ముట్టలేదు. దారంతా ఎండ. కోట గుమ్మంలో అడుగుపెట్టేసరికి లోపలినుంచి ఆవ ఘాటు, ఇంగువ పోపు వాసన కలిసి వచ్చాయి. ఆయన నడక దానంతటదే జోరందుకుంది.

మనవడు వెండిగిన్నెలో పాయసం చప్పరించి, గిన్నెను తాతగారి మీసాల మీదికి విసిరాడు. అందరూ నవ్వారు. అన్నప్రాశన అయ్యింది. పెద్దవాళ్ళకు పంక్తి వేశారు. రాజుగారికి ఒక పక్కన వియ్యంకుడు, ఇంకో పక్కన పేరిభట్టు కూర్చున్నారు. తలుపు చాటునుంచి వియ్యపురాలు, కూతురు, ఇంకా చుట్టాలైన ఆడవాళ్ళందరూ చూస్తున్నారు.

ముద్దపప్పు వచ్చింది. ఒక గరిటె పడగానే రాజుగారి నోరు, ఆయనను అడక్కుండానే, "చాలు చాలు" అంది.

వడ్డించేవాడు టక్కున ఆగి, దణ్ణంపెట్టి, ముందుకు వెళ్ళిపోయాడు. రెండో గరిటె కోసం రాజుగారు చెయ్యి కాస్త పక్కకు జరిపి కూర్చున్నారు. ఆ మనిషి అప్పటికే పంక్తి చివరకు చేరాడు.

అదేమిటి, ఇలా వెళ్ళిపోయాడేం అనుకున్నారు రాజుగారు. ఆ వెంటనే తన శాసనం గుర్తొచ్చింది. సరే, తరవాతది రానీ, నోరు కట్టుకు కూర్చుంటే సరి అనుకున్నారు.

పనసపొట్టు కూర వచ్చింది, ఆవ పెట్టి, ఎండుమిర్చి వేయించి. రాజుగారి ప్రాణం లేచివచ్చింది. ఒక గరిటె పడింది. రాజుగారు పళ్ళు బిగించారు. అంతలో వియ్యంకుడు తనవైపు తిరిగి చిరునవ్వు నవ్వాడు. తలుపు దగ్గర గాజులు గలగలమన్నాయి. పిల్లనిచ్చిన మామ, పదిమంది ఎదుట, అడ్డు చెప్పకుండా వేయించుకుంటున్నాడు! పులిహోర పొర్లించుకున్నాడని విన్న పెద్దమనిషి కళ్ళముందు మెదిలాడు. రాజుగారి చెయ్యి గబుక్కున ఆకు మీదికి వచ్చింది. "అబ్బే, చాలు."

రెండో గరిటె ఆకుదాకా వచ్చి ఆగి వెనక్కి పోయింది.

కంద బచ్చలి కూర వచ్చింది, అంతే. ముక్కల పులుసు వచ్చింది, అంతే. "వెయ్యి" అన్న ఒక్క ముక్క ఎంతో తేలికని ఆయన మనసులో పదిసార్లు అనుకున్నారు. అది గొంతుదాకా వచ్చేది. బయటికి వచ్చేసరికి "చాలు" అయిపోయేది. యుద్ధంలో వెనుదీయని మనిషికి గరిటె ఎదుట ఇదేం అవస్థో ఆయనకే తెలియలేదు. అన్నం మీద చిన్న గుంట చేసి పులుసు గిన్నె వైపు ఆశగా చూశారు. వడ్డించేవాడు ఆ చూపుకు హడలిపోయి ఇంకా దూరంగా జరిగాడు.

పక్కన పేరిభట్టు ఆకు చూస్తే పండగలా ఉంది. "ఇంకొంచెం పొయ్యి నాయనా, ఆ ముక్కలు కూడా. బూరెలో నెయ్యి ఏదీ?" అంటూ అతను దర్జాగా తింటున్నాడు.

"నీకు సిగ్గులేదటయ్యా?" అన్నారు రాజుగారు పళ్ళ సందునుంచి.

"శాసనం తరవాత మానేశాను ప్రభూ" అన్నాడు పేరిభట్టు.

పెరుగు కుండలు బయల్దేరాయి. ఇక విందు ముగిసినట్టే. రాజుగారికి కళ్ళు తిరుగుతున్నాయి. అప్పుడు వంటింటి గుమ్మంలోంచి తులశమ్మ ఆ పంక్తిని చూసింది. అందరి ఆకులూ దాటి ఆమె చూపు రాజుగారి ఆకు దగ్గర ఆగింది. అరచేతిలో పట్టేంత అన్నం కలిపి ఉంది, పక్కన ఏమీ లేదు.

ఆమె కూర గిన్నె చంకనెత్తుకుని తిన్నగా పంక్తిలోకి వచ్చింది.

"వద్దు" అన్నారు రాజుగారు చెయ్యి అడ్డం పెట్టి. "నాకు చాలు తులశమ్మా."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. తరవాత గరిటె అడుగుతో ఆ చేతిని పక్కకు నెట్టింది. "చాలట! మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. తియ్యి నాయనా చెయ్యి, మళ్ళీ కాలుతుంది" అని కూర వేసింది.

బలభద్రదేవుడు బెదిరిపోయి, "బావగారూ, ఈవిడ ఎవరో తమ శాసనం తెలియక..." అన్నాడు.

"తెలియకేం బాబూ, నాకోసమేగా చేసింది" అంది తులశమ్మ ఇంకో గరిటె వేస్తూ. "ఎలాగూ రేపు నన్ను పొలిమేర దాటిస్తున్నారు. రెండుసార్లు దాటించలేరుగా."

రాజుగారు ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఆవ ఘాటుకో, మరెందుకో, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చాలు" అన్నారు మళ్ళీ. తులశమ్మ మళ్ళీ వేసింది. ఆయన మళ్ళీ తిన్నారు. ఆమె రేపు వెళ్ళిపోతే ఇలా ఎవరు వేస్తారన్న ఆలోచన వచ్చి, ఎత్తిన ముద్దను మళ్ళీ ఆకులో పెట్టేశారు.

పేరిభట్టు చేతులు జోడించాడు. "ప్రభూ, ఈవిడ నలుగురి ఎదుటా నేరం చేసింది, చేస్తూనే ఉంది. శిక్షకు ముందు ఒక్క సంగతి తేలాలి. తమరు చాలన్నప్పుడు కడుపు నిండిందా, ఆకలిగా ఉందా? నిండితే ఆవిడది తప్పు. ఆకలైతే..."

వియ్యంకుడు చూస్తున్నాడు. వియ్యపురాలు చూస్తోంది. కూతురు బిడ్డను చంకనేసుకుని చూస్తోంది. రాజుగారు మీసాలు దువ్వుకుందామనుకున్నారు గాని చెయ్యి ఎంగిలి.

"ఆకలి" అన్నారు చివరికి. "ప్రాణం పోయేంత ఆకలి! ఆ పులుసు ఇటు రమ్మనండి!"

అప్పుడు బలభద్రదేవుడు నెమ్మదిగా, "తప్పుగా అనుకోకపోతే, బావగారూ, ఇటు కూడా రమ్మనండి. తమ శాసనానికి కట్టుబడి నేనూ మొదటినుంచీ చాలంటూనే ఉన్నాను" అన్నాడు. ఆయన ఆకు కూడా ఖాళీయే. ఆ పక్కాయనదీ ఖాళీయే. ఒక్క పేరిభట్టు తప్ప పంక్తి మొత్తం మర్యాదగా మాడుతోంది.

రాజుగారు పకపకా నవ్వారు. ఆ నవ్వుకు పొలమారితే తులశమ్మ నెత్తిమీద తట్టింది. మళ్ళీ వడ్డన మొదలైంది. ఈసారి "చాలు" అన్న మాట ఎన్నిసార్లు వినబడిందో, గరిటెలు అన్నిసార్లూ ఆకుల్లో పడ్డాయి.

చేతులు కడుక్కున్నాక రాజుగారు, పేరిభట్టు ముందుచూపుతో వెంట తెచ్చిన శాసనపు తాటాకు అందుకుని, సభలో అన్నట్టే, తన చేత్తో తనే చింపేశారు. "తులశమ్మా, నువ్వు నా ఇంట్లోనే ఉండాలి. నా మాట వినకుండా నా ఆకులో వెయ్యాలి. ఇది నా ఆజ్ఞ" అన్నారు. "వింటానో వినకుండా ఉంటానో, ముందు తాంబూలం వేసుకో" అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

తరవాత ఆయన మెళ్ళోంచి ముత్యాలహారం తీసి పేరిభట్టు ముందుకు చాచారు. "చెబితే అర్థం కాదన్నావు, నిజమే. ఇది నీకు."

తిండి దగ్గర లేని మొహమాటం అప్పుడు ఎక్కడినుంచి ఊడిపడిందో గాని, పేరిభట్టు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "అయ్యో, ఎందుకు ప్రభూ, వద్దు వద్దు."

"వద్దా? సరే" అని రాజుగారు హారం తీసి మళ్ళీ తన మెళ్ళో వేసుకున్నారు.

పేరిభట్టు నోరు తెరిచాడు. ఏమనాలో తోచక మూశాడు. ఆస్థానంలో మాటకు తడుముకోని ఆ మనిషి చేతులు ఇంకా అలా అడ్డం పెట్టినట్టే ఉన్నాయి.

తులశమ్మకు జాలేసింది. "మొహమాటపడుతున్నాడు నాయనా. వేసెయ్యి" అంది.

రాజుగారు కడుపు పట్టుకుని నవ్వుతూ హారం అతని మెళ్ళో వేశారు.