పోలమ్మ నేర్పిన మాట

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాల్లో ఉన్నప్పుడు, నాగావళి ఒడ్డున ఒక ఊళ్ళో తాగుడు మాన్పించే వైద్యుడుండేవాడు. తాగుబోతులు పొద్దున్నే వచ్చి చేదు కషాయం పుచ్చుకుని, పగలంతా ఆయన అరుగు మీద కూర్చుని, మనసులోది చెప్పుకుని, పొద్దుగూకే ముందు ఇళ్ళకు పోయేవారు. ఆ వాకిలి ఊడ్చి, వచ్చినవాళ్ళకు మజ్జిగ పోసే ముసలమ్మే పోలమ్మ.

ఎవరింటి నుంచి బయల్దేరినా మనం "వెళ్ళొస్తాను" అంటాం కదా. వైద్యుడింట్లో మాత్రం అలా అనకూడదు. అంటే జబ్బు మళ్ళీ వస్తుందట. అందుకని అందరూ "వెళ్తాను" అనేసి గడప దిగేవారు.

అప్పలనర్సయ్య అనే నేతగాడూ అక్కడికి వచ్చాడు. సారా తాగి తాగి చేతులు వణికి, మగ్గం మీద పోగును అటూ ఇటూ తీసుకెళ్ళే నాడె ఆడేది కాదు. వాడి గొంతు వింటే చిన్నకూతురు గాదె వెనక దాక్కునేది. ఆ పిల్ల తన ఒళ్ళో కూర్చోవాలి, అదొక్కటే వాడి కోరిక.

మొదటిసారి బాగుపడ్డాడు. "ఎల్తాను" అన్నాడు. సంతలో తాగాడు, తిరిగొచ్చాడు. రెండోసారి బాగుపడ్డాడు. "ఎల్తాను" అన్నాడు. మేనల్లుడి పెళ్ళిలో తాగాడు, తల దించుకుని తిరిగొచ్చాడు. మూడోసారీ బాగుపడ్డాడు. "ఎల్తాను" అన్నాడు. ఏ కారణమూ లేకుండానే తాగాడు. ఈసారి రాలేదు.

పోలమ్మ చీపురు పక్కన పెట్టి వాళ్ళింటికి నడిచింది. వాడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"రానేదేటిరా?"

"మూడుసార్లు ఎల్తానన్నానమ్మా. మళ్ళీ ఏ మొకం ఎట్టుకుని రాను?"

"అదేరా తప్పు. ఎల్తానన్నావు గానీ, ఎల్లొస్తానన్నావేటి? తప్పు ఆ మాటదిరా, నీది కాదు. లే నాయనా."

వాడు ఏడ్చాడు. లేచాడు. ముసలమ్మ చెయ్యి పట్టుకుని వచ్చాడు.

ఆ సాయంత్రం వాడు బయల్దేరుతుంటే పోలమ్మ అడ్డం నిలబడింది. "ఎల్లొస్తాననరా" అంది.

వైద్యుడు ఉలిక్కిపడ్డాడు. "అపశకునం పోలమ్మా, జబ్బు తిరిగొస్తుంది."

"జబ్బు పిలవకపోయినా వస్తాది బాబూ. ఈడు రావాలి గదా."

ఆయన అప్పలనర్సయ్య వైపు తిరిగి, "అను నాయనా" అన్నాడు.

"ఎల్లొస్తాను" అన్నాడు అప్పలనర్సయ్య.

ఆ తర్వాత వాడు తాగలేదని అబద్ధం చెప్పను. ఒకసారి తాగాడు. కానీ మర్నాడే వచ్చాడు, వస్తానన్నాడు కదా మరి. అలా వస్తూ వస్తూ ఉండగా తాగుడే వాణ్ణి వదిలి పోయింది. ఒకనాడు పిలవకుండానే కూతురు వచ్చి ఒళ్ళో కూర్చుంది. పాపం, వాడు చాలాసేపు కదల్లేదు.

పోలమ్మ పోయి ఎన్ని తరాలయిందో ఎవరికీ తెలియదు. ఇప్పటికీ అక్కడ కషాయం తాగినవాడు "వెళ్ళొస్తాను పోలమ్మా" అనే గడప దిగుతాడు. జారిపడి తిరిగొచ్చినవాణ్ణి మళ్ళీ తాగావా అని ఎవరూ అడగరు. "వచ్చావా నాయనా" అని మజ్జిగ పోస్తారు.