మూడు గోడల మిద్దె

ఎప్పటి మాటో అడక్కండి పిల్లలూ. మా అవ్వకు వాళ్ళ అవ్వ చెప్పేనాటికే అది పాతకథ.

ఒక ఊళ్ళో చెక్కభజన కుర్రాళ్ళు పన్నెండు మంది ఉండేవారు. వాళ్ళు కూడుకునేది బోదగడ్డి కప్పిన ఒక కొట్టంలో. వాళ్ళ తాతలు వేసిన కొట్టం అది. వానొస్తే కారేది, గాలొస్తే ఊగేది, ఎండొస్తే నెత్తిన చెదలు రాలేవి.

"శ్రీరామనవమికి పక్కూరి జట్టు వస్తాది. ఇందులో కూచోబెడితే నవ్విపోతారు" అనుకున్నారు కుర్రాళ్ళు. కొట్టం పీకేశారు. ఆ చోటే మట్టిమిద్దె కట్టమని మద్దిలేటిని పిలిచారు.

మద్దిలేటి గోడలు పెట్టే ముసలాయన. ఒక గుడిసె, ఒక పార, తోడుగా పెండ్లాం లచ్చుమక్క. అంతకు మించి ఆయనకేమీ లేదు.

మట్టిగోడ ఎలా పెడతారో తెలుసా? మట్టి నానబెట్టి, గడ్డి కలిపి, కాళ్ళతో తొక్కుతారు. ఆ ముద్దలతో తొడెత్తున ఒక వరస పెడతారు. అది ఆరాలి. మూడు రోజులు ఆరాకే దాని మీద ఇంకో వరస. తడి మీద తడి పెట్టామా, కింది మట్టి బరువు మోయలేదు.

మొదటి గోడ లేస్తుంటే కుర్రాళ్ళ పెద్ద హుసేనప్ప అడిగాడు. "తాతా, ఇంగో వరస పెడదామా?"

"మనం చెబితే మట్టి వినదు నాయనా. మట్టి చెబితే మనం వినాల."

రెండో గోడప్పుడూ అడిగాడు. అదే జవాబు.

మూడో గోడప్పుడు ఎగతాళి చేశాడు. "పెండ్లికి గూడా ఇట్లే ఆరి ఆరి పోయినావా తాతా?"

"అవున్రా. అందుకే మీ అవ్వ ఇంగా పడిపోకుండా నిలబడింది" అని మద్దిలేటి నవ్వాడు. నవ్వి, మళ్ళీ అదే మాట. "మట్టి చెబితే మనం వినాల."

నవమి నాలుగు రోజులుందనగా మద్దిలేటికి జ్వరం తగిలింది. నాలుగో గోడ మిగిలిపోయింది.

"తాత లేస్తే మళ్ళా ఆరాల అంటాడు. ఈలోగా మనమే పెట్టేద్దాం రాండ్రా" అన్నాడు హుసేనప్ప. పొద్దున్నే మొదలుపెట్టారు. ఒక వరస. దాని మీద ఒక వరస. దాని మీద ఇంకో వరస. పొద్దు వాలేసరికి గోడ మనిషిని మించి లేచింది. దాని నీడనే సంగటి తినడానికి కూర్చున్నారు. తడిగోడ నీడ చల్లగా ఉంటుంది గదా.

అటుగా వచ్చి గోడ చూసిన లచ్చుమక్క సంతోషంగా ఇంటికి పోయింది. "మూడు వరసలూ పెట్టేసినారు పిల్లోళ్ళు. నువ్వింక పండుకో."

"ఒక్క దినంలోనా?" అన్నాడు మద్దిలేటి. పడుతూ లేస్తూ పరిగెత్తాడు.

గోడ అడుగున మట్టి పొట్టలా ముందుకొచ్చి ఉంది.

"లెయ్యండ్రా!" అని అరిచాడు.

హుసేనప్ప నవ్వాడు. "తిడుదువులే తాతా. ముందొక ముద్ద తిను."

మద్దిలేటి వాళ్ళకూ గోడకూ మధ్య దూరి, వీపు ఆనించి నిలబడ్డాడు. కాళ్ళు నేలలో దిగబడ్డాయి. ఆ ముఖం చూసి ఒకడు లేచాడు. వాణ్ణి చూసి అందరూ లేచారు. ఆఖరివాడు అవతలికి దూకాడో లేదో, గోడ కూలింది.

పన్నెండు మందీ చేతులతోనే తవ్వారు. మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. తాతలో మాత్రం ప్రాణం లేదు.

ఆ నవమికి ఊళ్ళో చెక్కలు మోగలేదు. హుసేనప్ప లచ్చుమక్క గడపకు పోయాడు. మాట రాక తిరిగొచ్చాడు. మర్నాడూ పోయి తిరిగొచ్చాడు. మూడోనాడు నోరు పెగిలింది. "అవ్వా, ఆ గోడ మళ్ళా పెడతాం. తాత చెప్పినట్టే ఆరబెట్టి పెడతాం."

లచ్చుమక్క తల అడ్డంగా ఊపింది.

"ఆయప్ప పెట్టిన మూడు గోడలు చాలు నాయనా. నాలుగోది లేస్తే, నాకు దాని కిందనే ఉన్నట్టుంటాడు."

కుర్రాళ్ళు ఆ పక్క రెండు రాతికూసాలు స్తంభాలుగా నిలబెట్టి, దూలమేసి, కప్పు కప్పారు.

ఆ మిద్దెకు ఈనాటికీ మూడే గోడలు. వానొస్తే జల్లు లోపలికి కొడుతుంది. అందరూ ఆ మూడు గోడల వైపు జరిగి కూర్చుంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు "నాలుగో గోడ ఏదప్పా?" అని అడుగుతారు. పసిపిల్లలు మొదలు ముసలాళ్ళ దాకా, ఊరంతా చెప్పేది ఒకటే మాట.

"ఇంగా ఆరతా ఉంది."