రాతితో ఆడుకున్న మేకపిల్ల

కొండ కింద బడి పెట్టాడు నక్క పంతులు. గొప్ప చదువరి లెండి! బండ ఎందుకు దొర్లుతుంది, దుంగ ఎలా లేస్తుంది అని ఏ పిల్ల అడిగినా, "ముందు బరువుని దూరంతో హెచ్చవేసి చెప్పు!" అని ఉరిమేవాడు.

అంకె వినగానే చుక్కి అనే మేకపిల్ల గొర్రెపిల్లల వెనక దాక్కునేది.

"లెక్క రాని మొద్దుకి సైన్సెందుకే? పో, ఆ క్వారీ గుంట దగ్గర ఒక్కదానివే కూర్చో!" అన్నాడు ఓ రోజు. గొర్రెపిల్లలు కిసుక్కున నవ్వాయి. నేస్తమనుకున్న కుందేలు కూడా మొహం తిప్పుకుంది.

మంద వదిలిన మేక ఎవరి పాలో మీకు నేను చెప్పాలా? చుక్కికే తెలీదు పాపం.

గుంట ఒడ్డున ఓ రాయి మీద అడ్డంగా దుంగ పడి ఉంది, గుంట వైపు పొట్టిగా, ఇవతల పొడుగ్గా. ఎక్కి ఊగుదామంటే అవతల కూర్చునేవాళ్ళేరీ? చుక్కికి ఏడుపొచ్చింది. ఏడ్చి ఏడ్చి, ఓ బండని తలతో నెట్టి అవతలి కొస మీదికి దొర్లించింది. "అక్కా, నువ్వైనా ఆడు" అని తను ఇవతల ఎక్కింది. బండ లేవలేదు. చుక్కి వెనక్కి జరిగింది. ఇంకా జరిగింది. బండ లేచింది! ఇక రోజూ బండతోనే ఆట, బండతోనే మాట.

ఓ సాయంత్రం పంతులొచ్చాడు, మూతి నాక్కుంటూ.

"ఒంటరిగా ఉన్నావా తల్లీ?"

ఇక్కడికి ఎందుకు పంపాడో చుక్కికి అప్పుడు తెలిసింది.

"ఉన్నానండీ. ఒక్క సందేహం పంతులుగారూ. ఈ దుంగ మీద మిమ్మల్ని నేను లేపగలనా?"

"నువ్వా? నా బరువులో సగం లేవు!"

"లేపలేకపోతే పరిగెత్తను. తినేయండి."

వెంటపడే శ్రమ తప్పిందనుకున్నాడు పంతులు. బండని దించేసి, గుంట వైపు కొసన దర్జాగా కూర్చున్నాడు. చుక్కి రెండో కొస దాకా నడిచింది. పంతులు గాల్లోకి లేచాడు.

"అరె! హెచ్చవేస్తే..."

"తర్వాత వేద్దురుగానీ, నేను దిగుతున్నా!" అని దూకేసింది చుక్కి. దుంగ దబ్బున పడింది. ఆ కుదుపుకి పంతులు పట్టు తప్పి గుంటలో పడ్డాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే.

అరుపులకి పిల్లలన్నీ పరిగెత్తుకొచ్చాయి.

"ఎలా లేపావే చుక్కీ?" అంది కుందేలు.

ఇన్నాళ్ళకి ఒకరు పేరు పెట్టి పిలిచారు. చుక్కి దుంగ వైపు మూతి చూపించింది.

"చెబితే రాదు. ఎక్కు. నేనెంత వెనక్కి పోతే నువ్వు లేస్తావో చూస్తూ ఉండు. అంకెలు వాటంతటవే వస్తాయి."

కుందేలు ఎక్కింది. చుక్కి మాత్రం ముందు బండ దగ్గరికెళ్ళి, "మళ్ళీ వస్తానక్కా" అని దాన్ని ఓసారి నాకి వచ్చింది.

నీతి: లెక్క రాదని మందలోంచి గెంటే పంతులి కన్ను మన చదువు మీద ఉండదు, మన కండ మీద ఉంటుంది.