వాచీ తీసింది ఎవరు?

నంద్యాలలో ఒక డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్పడం నేర్చుకుంటున్న సుధీంద్ర అనే కుర్ర లెక్చరరు ఉండేవాడు. తెలివికి లోటు లేదు గానీ, చప్పట్లంటే చెవి కోసుకునేవాడు.

పాఠం చెప్పడం అతనికి వచ్చు. ఆ మాట ఒప్పుకుని తీరాలి. ఎమ్మే పూర్తిచేసి వచ్చి, సీనియర్ లెక్చరరు కాత్యాయని మేడమ్ చేతికింద పని నేర్చుకుంటుండేవాడు. భయం గురించి చెప్పాలంటే డస్టరు తీసి బల్ల మీద ఢామ్మని కొట్టి, ఉలిక్కిపడ్డ పిల్లల్ని "ఇప్పుడు మీ గుండె ఎలా కొట్టుకుంటోంది? అదే భయం!" అనేవాడు. పిల్లలు గొల్లుమని నవ్వి చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆ చప్పుడు వినపడని రోజు అతనికి అన్నం సయించేది కాదు.

కాత్యాయని మేడమ్ వెనక బెంచీలో కూర్చుని చూస్తుండేది. పొగడ్తల విషయంలో ఆవిడ మహా పిసినారి.

"పిల్లల్ని కాసేపు ఏమార్చి పాఠం చెప్పడం తప్పు కాదు సుధీంద్రా," అన్నది ఒకసారి. "కానీ బెల్లు కొట్టేలోగా నిజం చెప్పెయ్యాలి. వాళ్ళు గది దాటాక ఆ అబద్ధం నీ మాట వినదు."

"అలాగే మేడమ్," అన్నాడు సుధీంద్ర. పాతకాలం మనిషి, ఇలాగే అంటుందిలే అనుకున్నాడు.

ఆ ఏడాది కాలేజీలో సైకాలజీ పోస్టు ఒకటి ఖాళీ అయింది. యూనివర్సిటీ నుంచి గంగాధరం గారనే ప్రొఫెసరు వచ్చి డెమో క్లాసు చూస్తారని, ఆయన మెచ్చితే ఉద్యోగం సుధీంద్రకేనని ప్రిన్సిపాల్ చెప్పాడు. సుధీంద్ర కాళ్ళు నేలమీద నిలవలేదు. అందరూ చెప్పే పాఠం చెబితే తనకీ అందరికీ తేడా ఏముంటుంది? కళ్ళారా చూశామని మనం ఒట్టేసి చెప్పేదాన్ని కూడా ఒక్కోసారి మనసే అల్లి పెడుతుందన్నది అతను ఎంచుకున్న పాఠం. దాన్ని నోటితో చెప్పకుండా, జరిపించి చూపిద్దామనుకున్నాడు.

డెమో ముందురోజు బి.ఏ. మొదటి ఏడాది క్లాసుకు వెళ్ళాడు. చేతి వాచీ విప్పి అందరికీ కనపడేలా బల్ల మీద పెట్టాడు. పాఠం మధ్యలో, పిల్లలు తలలు వంచి రాసుకుంటుండగా, బోర్డు వైపు తిరుగుతూ దాన్ని గుట్టుచప్పుడు కాకుండా తన ప్యాంటు జేబులో వేసుకున్నాడు. కాసేపటికి బల్ల వైపు చూసి మొహం పాలిపోయినట్టు పెట్టాడు.

"నా వాచీ ఏదీ?" అన్నాడు. "మా నాన్న కట్టుకున్న వాచీ అది."

క్లాసు చప్పున అణిగిపోయింది. పిల్లలకు ఆ సారంటే ప్రాణం.

"బల్ల దగ్గరికొచ్చి వాచీ తీసింది ఎవరో మీలో ఎవరైనా చూశారా?" అని అడిగాడు.

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత వెనక నుంచి జయరాముడనే కుర్రాడు లేచాడు. సారుకు ఎలాగైనా సాయం చేయాలని అతని ఆత్రం.

"సార్, సువార్త లేసింది సార్. నేను చూసినా."

సువార్త ముందు బెంచీలో కూర్చునే పిల్ల. బల్ల పక్కనే కిటికీ ఉంది. ఆమె లేచిన మాట నిజమే.

"దుమ్ము వస్తాంటే కిటికీ మూసేకి లేసినా సార్," అన్నది సువార్త. "బల్ల కాడికి పోలేదు సార్."

"లేదు సార్, బల్ల మీదికి వంగింది," అన్నది ఇంకో పిల్ల.

"చున్నీ కింద ఏందో పెట్టుకున్నెట్ల ఉండె సార్," అన్నాడు మరొకడు.

ఒకరి మాట వెనక ఒకరి మాట వచ్చింది. చెయ్యి చూశామన్నారు, వాచీ మెరవడం చూశామన్నారు. అన్నవాళ్ళలో అబద్ధాలకోరు ఒక్కరూ లేరు. అందరూ నిజంగా చూశామనే అనుకుంటున్నారు. సుధీంద్రకు లోపల సంతోషం పట్టరాకుండా ఉంది. పుస్తకాల్లో చదివింది కళ్ళముందు అచ్చుగుద్దినట్టు జరుగుతోంది! రేపు గంగాధరం గారి ముందు ఈ సాక్ష్యాలన్నీ మళ్ళీ చెప్పించి, చివర్న వాచీ జేబులోంచి తీస్తే గది దద్దరిల్లిపోదూ! ఆ సంబరంలో అతను సువార్త మొహం వైపు చూడనేలేదు. చూసుంటే ఆ పిల్ల పెదవులు వణకడం కనపడేది.

బెల్లు కొట్టింది. కాత్యాయని మేడమ్ మాట గుర్తు రాకపోలేదు. ఒక్కరోజే కదా అనుకున్నాడు.

"సరే, రేపు తేలుద్దాం," అని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం అన్నాల వేళకు సువార్త స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

"సార్, నేను తీయలేదు సార్."

సుధీంద్ర చుట్టూ చూశాడు. గదిలో ఇంకెవరూ లేరు.

"మా నాయన బేల్దారి పనికి, గోడలు కట్టేకి పోతాడు సార్," అన్నది ఆ పిల్ల. "ఆడపిల్లకు కాలేజీ ఏందని అందరూ అంటాంటే మా అమ్మ కొట్లాడి పంపింది. దొంగ అని మాట మా ఊరికి పోతే నన్ను మళ్ళా పంపరు సార్. నేను తీయలేదని మీరొక్క మాట చెప్పండి సార్. మీరు చెప్తే అందరూ ఇంటారు."

వాచీ అతని జేబులోనే ఉంది. చెయ్యి దానికి తగులుతూనే ఉంది. తీసి ఆమె చేతిలో పెడితే అయిపోయేది. ఒక్క క్షణం నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఈ పిల్లకు చెబితే ఆమె ఉండే హాస్టలుకు తెలుస్తుంది, హాస్టలుకు తెలిస్తే క్లాసుకు తెలుస్తుంది, రేపటి పాఠం తుస్సుమంటుంది. తేలిగ్గా వదులుకునే పాఠమా అది?

"రేపటి దాకా ఓపిక పట్టమ్మా," అన్నాడు, చాలా మెత్తగా. "రేపటికి అన్నీ సర్దుకుంటాయి."

సువార్త అతని మొహంలోకి చూసింది. ఇంకేమైనా అంటాడేమోనని కాసేపు నిలబడి, వెళ్ళిపోయింది.

ఓదార్పుగా అన్నాననుకున్నాడు గానీ, ఆ మాట సువార్త నోట హాస్టలుకు చేరేసరికి దాని రూపమే మారిపోయింది. తీసిన వాచీ తిరిగి ఇవ్వడానికి సార్ రేపటి దాకా గడువు పెట్టాడట! గడువు పెట్టాడంటే సారుకు కూడా ఆమె మీదే అనుమానమన్నమాట. సాయంత్రం తోటి పిల్లలంతా చేరి ఆమె ట్రంకుపెట్టె తీయించారు. బట్టలు ఒక్కొక్కటీ దులిపారు. ఏమీ దొరక్కపోయేసరికి, ఎక్కడో దాచేసిందన్నారు. వార్డెను భయపడి, గొడవ తన మెడకు చుట్టుకుంటుందని, వాళ్ళ నాయనకు ఫోను చేసింది.

మర్నాడు డెమో క్లాసు. సుధీంద్ర ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. వెనక బెంచీలో గంగాధరం గారు, ప్రిన్సిపాల్, కాత్యాయని మేడమ్ కూర్చున్నారు. ముందు బెంచీలో ఒక చోటు ఖాళీగా ఉంది. అది సువార్త చోటేనని సుధీంద్ర గమనించాడు. ఆలస్యంగా వస్తుందిలే అని సర్దిచెప్పుకున్నాడు. పాఠం మొదలైంది. నిన్న ఏం చూశారో చెప్పమన్నాడు. పిల్లలు చెప్పారు. రాత్రి గడిచాక సాక్ష్యాలు ఇంకా గట్టిపడ్డాయి. ఏ చేత్తో తీసిందో కూడా చెప్పారు. అతను తలుపు వైపు చూస్తూనే ఉన్నాడు. ఎవరూ రాలేదు. అయినా ఆపలేదు.

"ఇప్పుడు చూడండి," అని జేబులోంచి వాచీ తీసి పైకెత్తి పట్టుకున్నాడు. "దీన్ని ఎవరూ తీయలేదు. నేనే జేబులో వేసుకున్నాను. మీరు చూశామన్నది అసలు జరగనే లేదు!"

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

కొట్టింది గంగాధరం గారొక్కరే. జరిగింది తెలియని పెద్దమనిషి, "భేష్! ఎంత చక్కని పాఠం!" అని వెనక నుంచి ఒంటరిగా చప్పట్లు కొడుతున్నారు. జీవితంలో మొదటిసారి ఆ చప్పుడు సుధీంద్రకు చెంపల మీద పడుతున్నట్టు అనిపించింది.

"సువార్త ఏదీ?" అన్నాడు.

ఒక పిల్ల భోరున ఏడ్చింది. "పొద్దున్నే వాళ్ళ నాయన వచ్చి తోలుకపోయినాడు సార్. ఇంగ చదువు చాలన్నాడు. నిన్న మేమే పెట్టె తీయించినాం సార్. దొంగ దొంగ అన్నాం సార్."

జయరాముడు బిక్కమొహంతో లేచి నిలబడ్డాడు. "కానీ సార్, ఆ పిల్ల చెయ్యి బల్ల మీదికి పోయింది సార్. నేను చూసినా. నిజంగానే చూసినా."

కళ్ళముందు వాచీ కనపడుతున్నా వాడు ఆ మాటే అంటున్నాడు. సుధీంద్ర ఎత్తిన చెయ్యి దించేశాడు.

కాత్యాయని మేడమ్ లేచింది. "క్లాసు చాలు," అన్నది. "బయల్దేరు."

ఇద్దరూ సువార్త వాళ్ళ ఊరి బస్సెక్కారు. బస్సు నంద్యాల దాటింది. అప్పుడు ఆవిడ అడిగింది.

"నిన్న నువ్వు అడిగిన ప్రశ్నేమిటి?"

"వాచీ తీసింది ఎవరో చూశారా అని, మేడమ్."

"తీసింది అన్నావు. నీ లెక్కలో ఆ మాటకు ఆడా మగా లేదు. కానీ వాళ్ళ చెవిలో 'తీసింది' అనగానే ఆడపిల్ల పడింది. ఎవరైనా తీశారా అని కూడా అడగలేదు, తీసేశారని తేల్చేశావు. ఇక లేచిన ఆడపిల్లను వెతుక్కోవడమే వాళ్ళ పని. సాక్ష్యం వాళ్ళు చెప్పారు గానీ, దాని విత్తనం నీదే."

సుధీంద్ర కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు.

సువార్త వాళ్ళ నాయన ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పనికి పోలేదు. వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు పెట్టుకుని ఇటే చూస్తున్నారు. సుధీంద్ర వీధి మధ్యలో నిలబడి, అందరికీ వినపడేలా చెప్పాడు.

"మీ అమ్మాయి ఏ తప్పూ చేయలేదు. వాచీ నా జేబులోనే ఉంది. పాఠం కోసం నేనే పోయిందని నాటకమాడాను. తప్పు నాది!"

కుళాయి దగ్గర ఒకామె పక్కనున్నామెతో, "సార్లు మంచోళ్ళు మ్మా," అన్నది. "పిల్ల బతుకు చెడిపోతాదని కప్పిపెట్టేకి ఇంత దూరం వచ్చినారు."

"కాదమ్మా, నిజం చెబుతున్నాను!" అన్నాడు సుధీంద్ర. గొంతు చించుకుని ఒట్లు పెట్టాడు. అతను ఎంత చెబితే అంత జాలిగా తలలూపారు. కాత్యాయని మేడమ్ చెప్పి చూసింది. ఆవిడ మాటా అంతే అయింది.

సువార్త వాళ్ళ నాయన లేచాడు.

"నా బిడ్డ తీయదని నాకు తెల్సు సార్. మీరు వచ్చి చెప్పే పని లేదు. కానీ ఊరందరి నోర్లు నేను యాడ మూసేది?"

గుమ్మంలోకి సువార్త వచ్చింది. ఏడవడం లేదు.

"నిన్న మధ్యాన్నం మీ కాడికి వస్తి కదా సార్. అప్పుడు వాచీ యాడుండె?"

"నా జేబులో," అన్నాడు సుధీంద్ర.

"అప్పుడే తీసి చూపించింటే ఏమైతాండె సార్?"

ఇన్ని పుస్తకాలు చదివినవాడికి ఆ ప్రశ్నకు ఒక్కటే జవాబు దొరికింది. అది నోట పలకడానికి సిగ్గుతో చచ్చిపోయాడు.

"చప్పట్లు రాకుండా పోయేవమ్మా," అన్నాడు తల వంచుకుని.

సువార్త అతని వైపు ఒకసారి చూసి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఎంతసేపు పిలిచినా తీయలేదు.

గంగాధరం గారు మెచ్చుకున్నా సుధీంద్రకు ఆ ఉద్యోగం రాలేదు; కాత్యాయని మేడమ్ ఒప్పుకోలేదు, అతనూ అడగలేదు. తర్వాత వేరే ఊళ్ళో సైకాలజీ లెక్చరరయ్యాడు. అక్కడ పిల్లల్ని ఏమార్చే పాఠం అతను ఎన్నడూ చెప్పలేదు. కాత్యాయని మేడమ్ పదేపదే తిరిగి, వాళ్ళ నాయన్ని బతిమాలి, సువార్తను మరుసటి ఏడాది కర్నూలు కాలేజీలో చేర్పించింది. ఆ పిల్ల ఒక ఏడాది పోగొట్టుకుని, పట్టుదలగా చదివి, తానూ టీచరైంది. అయినా సెలవులకు ఊరికి పోతే ఇప్పటికీ కుళాయి దగ్గర ఎవరో ఒకరు గొంతు తగ్గించి, "వాచీ పిల్ల వచ్చింది," అంటారు.

నీతి: ఒకరి మీద పడ్డ నింద తప్పని మనకు తెలిసినప్పుడు వెంటనే నోరు విప్పాలి, మన లాభం కోసం ఆ నిజాన్ని ఒక్క పూట దాచినా, ఆ నింద వేసింది మనమే అవుతాం.